ముప్పై రెండోది

మల్కాపురం ఇల్లు బేరానికి పెట్టాక
కొనేవాళ్లు పంపిన కుర్రాడొకడు
మెడలో టార్చి, చేతిలో టాబ్లెట్‌తో
రెండు గంటలు తిరిగి వెళ్లాడు.
మూడో రోజుకి ఫోన్‌లో దిగింది రిపోర్టు:
ముప్పై ఒక్క లోపాలు,
ప్రతిదానికీ ఫొటో, ప్రతి ఫొటో మీదా ఎర్ర బాణం.
చిట్టచివర రెండు లక్షల ఎనభై వేలు.
బాగు చేయించండి, లేదా తగ్గించండి.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

నాలుగోది: గోడల్లో తేమ.
డబ్బాలో ఉప్పే నీరుకారే ఊరిది.
ఆషాఢంలో అగ్గిపుల్ల
నాలుగుసార్లు గీస్తే గానీ వెలగదు.
తేమ లేని గోడ కావాలంటే
సముద్రాన్ని కాస్త అవతలికి జరగమనాలి.

పదకొండోది: డాబా మీద నల్లటి పొర, బూజు కావచ్చు.
బూజు కాదు బాబూ, బొగ్గు.
పోర్టులో సరుకు దిగిన రోజు
మా ఆవిడ ఆరేసిన తెల్ల చీర కూడా
ఇదే రిపోర్టు ఇస్తుంది.
చీపురు ఖరీదు అరవై రూపాయలు.
వీళ్లు వేసింది ఇరవై రెండు వేలు.

పందొమ్మిదోది: కిటికీ గ్రిల్లులకు తుప్పు, అన్నీ మార్చవలెను.

తుప్పు గురించి నాకు చెబుతున్నారు!
ముప్పై మూడేళ్లు షిప్‌యార్డు డ్రైడాకులో
ఓడల కడుపుల కింద వెల్లకిలా పడుకుని
సుత్తితో కొట్టి కొట్టి విన్నవాణ్ణి.
పైపై తుప్పు గలగలా మాట్లాడుతుంది, గీకితే పోతుంది.
లోపలి తుప్పు నోరు విప్పదు.
కొట్టినచోట సుత్తి ఎగిరి రాదు,
తడి గోనెసంచిని కొట్టినట్టుంటుంది.
ఆ చప్పుడు విన్నాక
ఏ కెప్టెన్ బతిమాలినా నేను సంతకం పెట్టలేదు.

"సగానికి తెంచీయండి గురువుగారూ, గొడవొదిలిపోద్ది"
అన్నాడు బ్రోకరు పైడయ్య.
లేని రోగానికి సగం మందా?

మేస్త్రీ అప్పలకొండని పిలిచి ఇల్లంతా తిప్పాను.
బాత్రూంలో కదిలిన పలకలు, నిజం.
మోటారు దగ్గర వేలాడే తీగ, నిజం.
మెట్ల కింద కారే పైపు, అదీ నిజమే.
పద్నాలుగు వేలన్నాడు.
చిత్తుకాయితం మీద రాయించి జేబులో పెట్టుకున్నాను.

రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.
వంటింటి వెనక సన్‌షేడ్.
హుద్‌హుద్ గాలికి పెచ్చు లేస్తే
నేనే సిమెంటు మెత్తి, రంగేశాను.
ఏటేటా వేస్తూనే ఉన్నాను.
వాళ్ల ముప్పై ఒక్కటిలో అది లేదు.
"ఆళ్లకి కనపడంది మనకేటి?" అంది అసిరితల్లి
అటు తిరిగి పడుకునే.
తనూ మేలుకునే ఉందన్నమాట.

ఆదివారం వచ్చారు సనపల వారు, భార్యాభర్తలు.
వెనకాలే ఆ కుర్రాడు.
కాఫీలయ్యాక చిత్తుకాయితం ముందు పెట్టాను.
"ఈ మూడూ నావి, రేపే చేయిస్తాను.
మిగతా ఇరవై ఎనిమిదీ ఈ ఊరివి, ఉప్పుగాలివి.
వాటికి నేను పైసా తగ్గను."
ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.
ఆవిడ కుర్రాడి కేసి చూసింది.
"ఓసారి ఇటు రండి" అన్నాను.

వంటింటి వెనక సుత్తి ఎత్తాను.
ఒక్క దెబ్బ. అదే చప్పుడు.
రెండో దెబ్బకి పెచ్చు ఊడి పడింది.
లోపల ఇనప ఊచ
మడతకాజాలా పొరలు విచ్చుకుని ఉంది.

"ఇది ముప్పై రెండోది.
దీనికి తగ్గుతాను. ఎంతో మీరే కనుక్కుని చెప్పండి."

ఎవరూ మాట్లాడలేదు.
యారాడ కొండ వైపు నుంచి గాలి వచ్చి
సిమెంటు దుమ్ము మా అందరి కళ్లల్లో కొట్టింది.

కొంటారో మానేస్తారో ఇంకా తెలీదు.
వెళ్లబోతూ కుర్రాడు
"ఓపాలి ఇస్తారా?" అని సుత్తి తీసుకున్నాడు.
టాబ్లెట్ చంకలో ఇరికించుకుని
గోడ మీద, గ్రిల్లు మీద, అరుగు మీద
మెల్లగా కొడుతూ, చెవి ఆనించి వింటూ వెళ్లాడు.
గేటు స్తంభం దగ్గర ఆగాడు.
మళ్లీ కొట్టాడు.
తిరిగి నాకేసి చూశాడు.

నాకూ వినిపించింది.